పక్షవాతం తర్వాత మెదడు కణబాహ్య మాతృకలో మార్పులు

మెదడుకు రక్తం తీసుకుపోయే నాళం మూసుకుపోయినా, చిట్లినా, ఆ నాళం పోషించే భాగంలో నాడీకణాలు చనిపోవడంతో పాటు, కణాల నడుమ ఎడాన్ని నింపి వాటిని తమ తమ స్థానాల్లో నిలిపి ఉంచే అణువుల అల్లిక కూడా దెబ్బతింటుంది; మొదటి గంటల్లో అది తెగి కరుగుతుంది, తర్వాతి వారాల్లో మునుపటిలా కాకుండా వేరొక పోగుతో, వేరొక బిగువుతో మళ్లీ అల్లుకుంటుంది. ఈ అల్లికనే కణబాహ్య మాతృక అంటారు. మాతృక అన్న మాటకు ఇక్కడ మూలప్రతి అని కాక, కణాలు ఒదిగి ఉండే ఆధారద్రవ్యం అని అర్థం చెప్పుకోవాలి. అలాగే పక్షవాతం అన్న మాట నిజానికి శరీరంలో ఒక పక్క చచ్చుబడే లక్షణాన్ని చెప్పేదే అయినా, ఆ లక్షణానికి మూలమైన మెదడు రక్తనాళాల ప్రమాదానికి కూడా వాడుకలో అదే పేరు స్థిరపడింది. కాలూ చెయ్యీ పడిపోయినా, మాట ఒక్కటే పోయినా, చూపు సగం తగ్గినా మూలం అదే కాబట్టి ఇక్కడ ఆ పదాన్ని రెండో అర్థంలోనే తీసుకోవాలి. ఈ వివరణ ప్రధానంగా నాళం మూసుకుపోవడం వల్ల వచ్చే రకానికి, అంటే ఎక్కువ మందిలో కనిపించే రకానికి సంబంధించినది.

పక్షవాత శాస్త్రం చాలాకాలం నాడీకణాన్నే కేంద్రంగా చేసుకుని నడిచింది. పెద్ద ధమని మూసుకుపోయి చికిత్స అందనప్పుడు నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు నశిస్తాయని 2006లో జెఫ్రీ సేవర్ వేసిన లెక్కను వైద్యులు నేటికీ ఉదహరిస్తారు. రోగిని ఎంత త్వరగా ఆసుపత్రికి చేర్చాలో చెప్పడానికి అంతకన్నా బలమైన లెక్క లేదు. అయితే ప్రాణం దక్కినవారిలో ఒకరికి మెదడు ఎందుకు విపరీతంగా వాస్తుంది, మరొకరికి గడ్డ కరిగించే మందు ఇచ్చాక ఎందుకు రక్తస్రావం అవుతుంది, ఒకరి చెయ్యి మూడు నెలల్లో కదలిక తెచ్చుకుంటే మరొకరిది ఎందుకు ముడుచుకునే ఉండిపోతుంది అన్న ప్రశ్నలకు నాడీకణాల సంఖ్య ఒక్కటే సమాధానం చెప్పలేదు. ఆ సమాధానంలో చెప్పుకోదగిన భాగం మాతృకలో ఉంది. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, మాతృకలో ఏ మార్పు ఏ రోజున జరుగుతుందన్న కాలక్రమంలో ఉంది.

ఆరోగ్యంగా ఉన్న మెదడులో మాతృక

ఎదిగిన మెదడు ఘనపరిమాణంలో దాదాపు ఐదో వంతు కణాల వెలుపలి చోటే. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో సన్నని సందుల్లా కనిపించే ఈ చోటు ఉత్త నీటితో నిండినది కాదు. చర్మంలోను, ఎముకలోను మాతృకకు బలం ఇచ్చే కొలాజెన్ పీచు మెదడులో చాలా స్వల్పం. మెదడు అంత మెత్తగా ఉండటానికి అది ఒక కారణం. పీచుకు బదులు ఇక్కడ చక్కెర అణువుల గొలుసులే ప్రధాన ద్రవ్యం. వాటిలో అతి పొడవైనది హైలురొనాన్. 1934లో కార్ల్ మేయర్, జాన్ పామర్ అనే శాస్త్రవేత్తలు పశువుల కంటిగుడ్డులోని జిగురు పదార్థం నుంచి దీన్ని మొదటిసారి వేరుచేశారు. తన బరువుకు ఎన్నో రెట్ల నీటిని పట్టి ఉంచగల ఈ గొలుసుకు ప్రోటియోగ్లైకాన్లు అనే మరికొన్ని అణువులు అతుక్కుని ఉంటాయి. ప్రోటియోగ్లైకాన్ అంటే ఒక ప్రోటీను తాడుకు సల్ఫేటు తగిలిన చక్కెర గొలుసులు వేలాడే నిర్మాణం. మామిడి తోరణంలో తాడుకు ఆకులు గుచ్చినట్టు ప్రోటీనుకు ఆ గొలుసులు వరుసగా ఉంటాయి. మెదడులో వీటిలో ముఖ్యమైనవి అగ్రికాన్, వెర్సికాన్, న్యూరోకాన్, బ్రెవికాన్ అనే నాలుగు. వీటికి వేలాడే గొలుసులను కాండ్రాయిటిన్ సల్ఫేట్ అంటారు. టెనాసిన్ అనే ప్రోటీన్లు ఈ తోరణాలను ఒకదానితో ఒకటి ముడివేస్తాయి.

ఈ ద్రవ్యం మెదడంతటా ఒకే తీరుగా పరుచుకుని ఉండదు. కణాల మధ్య సందుల్లో అది వదులుగా ఉంటుంది. రక్తనాళాల చుట్టూ మాత్రం మిల్లీమీటరులో పదివేలవ వంతు స్థాయి మందంతో, గట్టి పొరగా ఉంటుంది. ఆధార త్వచం అని పిలిచే ఈ పొరలో నాలుగో రకం కొలాజెన్, లామినిన్, నిడోజెన్, పెర్లికాన్ అనే పదార్థాలు చిక్కగా అల్లుకుని ఉంటాయి. కేశనాళిక లోపలి గోడ కణాలు ఇంటెగ్రిన్లు అనే కొక్కేల వంటి ప్రోటీన్లతో ఈ పొరను లోపలి నుంచి పట్టుకుంటాయి. ఆస్ట్రోసైట్లు అనే నక్షత్రాకార సహాయక కణాలు తమ పాదాలను డిస్ట్రోగ్లైకాన్ అనే మరో ప్రోటీను సాయంతో వెలుపలి నుంచి ఆనిస్తాయి. రక్తంలోని పదార్థాలు విచ్చలవిడిగా మెదడులోకి చొరబడకుండా ఆపే రక్త–మెదడు అవరోధం గోడ కణాల బిగింపు వల్ల ఏర్పడుతుందని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. అది నిజమే గాని, ఆ కణాలు ఆనుకుని నిలిచే నేల ఆధార త్వచమే. నాడీకణం, ఆస్ట్రోసైటు, రక్తనాళం, వాటి మధ్య మాతృక అన్నీ కలిసి ఒకే ప్రమాణంగా పనిచేస్తాయన్న భావనకు 2001లో అమెరికాలోని జాతీయ నాడీ వ్యాధుల సంస్థ ఏర్పాటుచేసిన పక్షవాత సమీక్షా బృందం ప్రాధాన్యం కల్పించింది. అప్పటి నుంచి దానికి నాడీ–నాళ ప్రమాణం అన్న పేరు స్థిరపడింది.

ఆ నేల ఎంత అవసరమో వంశపారంపర్య వ్యాధులు స్పష్టంగా చూపుతాయి. నాలుగో రకం కొలాజెన్‌ను తయారుచేసే సిఓఎల్4ఏ1 అనే జన్యువులో లోపం ఉన్నవారికి చిన్న రక్తనాళాలు బలహీనపడి, పసితనంలోనో యవ్వనంలోనో మెదడులో రక్తస్రావం కావచ్చు. ఇదే లోపం ఉన్న ఎలుకపిల్లలు మామూలు ప్రసవంలో మెదడులో తీవ్రమైన రక్తస్రావానికి గురికాగా, శస్త్రచికిత్సతో బయటికి తీసిన పిల్లలు ఆ ప్రమాదాన్ని తప్పించుకున్నాయని 2006లో వెల్లడైన పరిశోధన చూపింది. పుట్టుకలో తల మీద పడే ఒత్తిడిని మామూలు పిల్లల్లో తట్టుకునేది ఆ పలుచని పొరేనని దీని వల్ల తెలుస్తుంది.

మాతృక మూడో రూపం కొన్ని ప్రత్యేక నాడీకణాలను తొడుగులా చుట్టుకునే వలలు. ఒక కణాన్ని చురుకుపరచడానికి బదులు దాని వేగాన్ని అదుపులో పెట్టే నిరోధక కణాల చుట్టూ, ముఖ్యంగా పార్వాల్బుమిన్ అనే ప్రోటీను ఉండే కణాల చుట్టూ, ఇవి దట్టంగా కనిపిస్తాయి. వీటిని పరినాడీ వలలు అనవచ్చు. 19వ శతాబ్దం చివరి దశకంలో కమిల్లో గాల్జీ వీటిని వర్ణించగా, ఆయన సమకాలికుడు రామోన్ ఇ కహాల్ అవి కణజాలానికి రంగు ఎక్కించేటప్పుడు ద్రవం గడ్డకట్టడం వల్ల కలిగే భ్రమ అని కొట్టివేశాడు. కహాల్ మాటకున్న బరువు వల్ల ఈ వలలు దశాబ్దాల పాటు మరుగునపడ్డాయి. బాల్యంలో చూపు, స్పర్శ వంటి జ్ఞానాలు రూపుదిద్దుకునే సున్నిత కాలం ముగిసే వేళకు ఈ వలలు బిగుసుకుంటాయని, ఏర్పడిన సంబంధాలను అవి స్థిరపరుస్తాయని ఇప్పుడు తెలుసు. 2002లో ఎదిగిన ఎలుకల దృష్టి ప్రాంతంలో ఎంజైముతో కాండ్రాయిటిన్ గొలుసులను కత్తిరించినప్పుడు, బాల్యంలో మాత్రమే ఉండే మార్పుకు లొంగే గుణం తిరిగి కనిపించింది. పక్షవాతం తర్వాత కోలుకోవడాన్ని అర్థం చేసుకోవడానికి ఈ ప్రయోగం ఒక ముఖ్య ఆధారం.

తొలి గంటలు

రక్తం ఆగిన కొద్ది నిమిషాల్లోనే కణాలకు శక్తి అందక, వాటి పొరల మీద సోడియాన్ని బయటికి తోడే పంపులు నిలిచిపోతాయి. సోడియంతో పాటు నీరు లోపలికి వచ్చి కణాలు ఉబ్బుతాయి. ఆ నీరు వచ్చేది కణాల మధ్య చోటు నుంచే. అందువల్ల మెదడులో ఐదో వంతు ఉండే వెలుపలి చోటు నూటికి 5 వంతుల దాకా కుంచించుకుపోతుంది. సందులు ఇరుకై, గ్లూటమేట్ వంటి ఉత్తేజక రసాయనాలు చెదిరిపోయే దారి లేక, ఉన్న చోటే చిక్కబడి పక్క కణాలకు విషమవుతాయి. పక్షవాతం అనుమానంతో వచ్చిన రోగికి నేడు తీసే ఎమ్మారైలో నీటి అణువుల కదలికను కొలిచే పద్ధతి ఈ మార్పును కూడా పట్టుకుంటుంది. ఆ పద్ధతి రక్తం ఆగిన ప్రాంతాన్ని చాలా తొందరగా చూపగలదని 1990లో మైఖేల్ మోస్లీ బృందం పిల్లులపై చేసిన ప్రయోగంలో తేలింది. చిత్రంలో తెల్లగా మెరిసే ఆ మచ్చలో నీరు స్వేచ్ఛగా కదలలేకపోవడానికి కణాల ఉబ్బు, మాతృక ఉండే చోటు ఇరుకవడం రెండూ కారణాలే.

దీని వెనుకనే అసలు విధ్వంసం మొదలవుతుంది. మాతృకను కత్తిరించే ఎంజైములలో ప్రధానమైనవి మాట్రిక్స్ మెటల్లోప్రోటీనేజ్‌లు, సంక్షిప్తంగా ఎమ్ఎమ్‌పీలు. పనిచేసే చోట జింకును ఇముడ్చుకుని ఉండటం వల్ల పేరులో లోహ సూచన చేరింది. ఈ కుటుంబపు మొదటి ఎంజైమును 1962లో జెరోమ్ గ్రాస్, చార్లెస్ లాపియేర్ కనుగొన్నది మెదడులో కాదు, తోకకప్ప కప్పగా మారేటప్పుడు కరిగిపోయే తోకలో. ఒక అవయవం తనను తాను కూల్చుకుని మరో రూపం దాల్చే చోట దొరికిన ఎంజైము కాబట్టి, కూల్చడం, కట్టడం రెండూ దాని పనేనన్న సంగతి అక్కడే దాగి ఉంది. మెదడులో ఎమ్ఎమ్‌పీ-2 మామూలుగానే కొంత ఉంటుంది; ఎమ్ఎమ్‌పీ-9 మాత్రం గాయం, వాపు కలిగినప్పుడే పెద్ద మొత్తంలో తయారవుతుంది. ఇవి మొదట నిద్రాణంగా ఉండి, ప్లాస్మిన్ వంటి ఇతర ఎంజైములో, ఆక్సిజన్ నుంచి పుట్టే చురుకైన అణువులో తాకినప్పుడు మేల్కొంటాయి. వీటిని అదుపు చేసే టింప్‌లు అనే ప్రోటీన్లు కూడా మెదడులోనే ఉన్నాయి. పక్షవాతంలో జరిగేది ఆ అదుపు తాత్కాలికంగా తప్పిపోవడం.

ఈ కత్తిరింపు ఆధార త్వచానికి ఏం చేస్తుందో గ్రెగరీ డెల్ జోపో బృందం 1995లో బబూన్ కోతులలో చూపింది. మెదడు మధ్య ధమనిని కొంతసేపు మూసి తిరిగి తెరిచినప్పుడు, చిన్న నాళాల చుట్టూ ఉండే లామినిన్, నాలుగో రకం కొలాజెన్, ఫైబ్రోనెక్టిన్ గణనీయంగా మాయమయ్యాయి. ఆ తర్వాతి పరిశోధనల్లో గోడ కణాల ఇంటెగ్రిన్లు కూడా తగ్గినట్టు కనిపించింది. అంటే పట్టుకోవలసిన నేలతో పాటు పట్టుకునే కొక్కెం కూడా పోయింది. అంతకు ముందే 1990లో గ్యారీ రోజెన్‌బర్గ్ బృందం ఎలుక మెదడులోకి కొలాజెన్‌ను కరిగించే ఎంజైమును నేరుగా ఎక్కించి రక్తస్రావం కలిగించింది. నాళంలో ఒత్తిడి పెంచకుండా, నాళాన్ని తెంపకుండా, కేవలం మాతృకను కరిగిస్తే చాలు మెదడులో రక్తం చిమ్ముతుందని ఆ ప్రయోగం చూపింది. నేటికీ మెదడు రక్తస్రావంపై పరిశోధనలకు అదే నమూనాను వాడుతున్నారు.

గోడ లీకయినప్పుడు రక్తంలోని ద్రవం, ప్రోటీన్లు మెదడులోకి చేరి రెండో రకం వాపు మొదలవుతుంది. మొదటి వాపులో నీరు కణాల లోపలికి పోయింది. ఇప్పుడు రక్తం నుంచి కొత్తగా నీరు వచ్చి చేరుతున్నందున, పుర్రె అనే గట్టి పెట్టెలో మెదడు మొత్తం పరిమాణం పెరుగుతుంది. పెద్ద పక్షవాతాల్లో రెండో రోజు నుంచి ఐదో రోజు దాకా వైద్యులు ఆందోళనపడేది ఈ వాపు గురించే. జంతువుల్లో అవరోధం ఒకసారి కొన్ని గంటల్లో, మరోసారి ఒకటి నుంచి మూడు రోజుల మధ్య తెరుచుకుంటుంది. రెండో విడతలో న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణాల పాత్ర పెద్దది, ఎందుకంటే అవి ఎమ్ఎమ్‌పీ-9ను తయారుగా తమ గుళికల్లో నింపుకుని వస్తాయి.

గడ్డ కరిగించే మందు, మాతృక

గడ్డను కరిగించే టీపీఏ అనే మందు మాతృక చర్చలోకి రావడానికి కారణం, అది కూడా ఒక ప్రోటీను కత్తిరించే ఎంజైమే కావడం. లక్షణాలు మొదలైన 3 గంటల లోపు ఈ మందు ఇస్తే, మూడు నెలల తర్వాత వైకల్యం దాదాపు లేకుండా ఉండే అవకాశం కనీసం నూటికి 30 వంతులు పెరుగుతుందని అమెరికా జాతీయ నాడీ వ్యాధుల సంస్థ నిర్వహించిన పరీక్ష 1995లో నిరూపించింది. 1996లో అక్కడ అనుమతి లభించింది. 2008లో యూరప్ పరీక్ష ఒకటి ఈ గడువును నాలుగున్నర గంటలకు పొడిగించింది. అదే 1995 పరీక్షలో మందు పొందినవారిలో నూటికి 6.4 మందికి లక్షణాలతో కూడిన మెదడు రక్తస్రావం కాగా, పొందనివారిలో అది 0.6 మాత్రమే. ఈ అంకె చూసి మందుకు జంకవలసిన పని లేదు, ఎందుకంటే మొత్తం మీద లాభమే ఎక్కువని అదే పరీక్ష చెప్పింది. కానీ ఆ రక్తస్రావం ఎందుకు అవుతుందన్నది తెలుసుకోవలసిన విషయం.

2003లో మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రికి చెందిన ఎంగ్ లో, షియావోయింగ్ వాంగ్ బృందం దీనికి ఒక దారి చూపింది. టీపీఏ గడ్డను కరిగించడంతో ఆగక, నాళపు గోడ కణాల మీద ఉండే ఒక గ్రాహకం ద్వారా ఎమ్ఎమ్‌పీ-9 ఉత్పత్తిని పెంచుతుందని వారు కనుగొన్నారు. అదే ఏడాది బార్సిలోనాలో జొవాన్ మొంటానెర్ బృందం, మందు ఇవ్వకముందే రక్తంలో ఎమ్ఎమ్‌పీ-9 ఎక్కువగా ఉన్న రోగులకు తర్వాత రక్తస్రావం అయ్యే అవకాశం ఎక్కువని గుర్తించింది. ఈ రెండింటినీ కలిపి చూస్తే గడువు నిబంధనకు ఉన్న జీవశాస్త్ర అర్థం తెలుస్తుంది. ఆలస్యం అయ్యేకొద్దీ కాపాడదగిన నాడీకణాలు తగ్గుతాయి. అంతకు మించి, తిరిగి పారబోయే రక్తాన్ని ఆపి నిలిపే నాళపు గోడ కూడా లోలోపల కరిగిపోతూ ఉంటుంది. తెగిన కాలువ గట్టును సరిచూడకుండా తూము ఎత్తితే ఏమవుతుందో తెలిసిన రైతుకు ఈ ప్రమాదాన్ని వేరే వివరించనక్కర్లేదు.

అదే ఎంజైము, మరో వారం

ఎమ్ఎమ్‌పీ-9 జన్యువు తొలగించిన ఎలుకలకు పక్షవాతం కలిగించినప్పుడు మెదడు నష్టం, అవరోధం లీకు రెండూ తగ్గాయని 2000, 2001 సంవత్సరాల్లో వెలువడిన పరిశోధనలు చెప్పడంతో, ఈ ఎంజైమును అణచివేస్తే చాలునన్న ఆశ పెరిగింది. ఆ ఆశను సవరించింది 2006లో ఎంగ్ లో బృందమే ప్రచురించిన మరో పరిశోధన. పక్షవాతం వచ్చిన 7 నుంచి 14 రోజుల మధ్య, చనిపోయిన భాగానికి అంచున ఉన్న వల్కలంలో, అంటే మెదడు పై పొరలో, ఎమ్ఎమ్‌పీ-9 మళ్లీ పెరుగుతుందని వారు చూశారు. ఏడో రోజున దాన్ని అణిచే మందు ఇచ్చిన జంతువుల్లో నష్టం తగ్గకపోగా పెరిగింది, కదలికలు సరిగా తిరిగి రాలేదు. కారణం, ఆ దశలో కొత్త రక్తనాళాలు మొలవడానికి మాతృకను కొంత కోసి దారి చేయవలసి ఉంటుంది. మాతృకలో బంధించి ఉన్న వీఈజీఎఫ్ అనే నాళ వృద్ధి కారకాన్ని విడిపించవలసి ఉంటుంది. మెదడు గదుల గోడల వద్ద పుట్టే పసి నాడీకణాలు దెబ్బతిన్న చోటికి నడిచి రావాలన్నా దారి ఉండాలి. ఆ పనులన్నీ మొదటి రోజున గోడ కూల్చిన ఎంజైమే చేస్తుంది. మొదటి రోజు రోగికి మేలు చేసే మందు రెండో వారంలో కీడు చేయవచ్చునన్న ఈ ఫలితం పక్షవాత చికిత్స ఆలోచనలో వచ్చిన అతి విలువైన మలుపులలో ఒకటి.

తెగిన ముక్కలు కూడా వ్యర్థాలు కావు. హైలురొనాన్ పొడవైన గొలుసుగా ఉన్నప్పుడు వాపును చల్లార్చే స్వభావం చూపుతుంది. చిన్న ముక్కలుగా తెగినప్పుడు మైక్రోగ్లియా అనే రక్షక కణాల మీద ప్రమాద సూచనలను పట్టే గ్రాహకాలను తాకి వాపును రేపుతుంది. పక్షవాతంతో మరణించినవారి మెదడులోను, బతికిన రోగుల రక్తంలోను హైలురొనాన్ తయారీ, విచ్ఛేదం రెండూ పెరిగినట్టు 2006లో ఒక మానవ అధ్యయనం చూపింది. దీనికి భిన్నంగా, పెర్లికాన్ నుంచి తెగే ఐదో భాగం ఎలుకల్లో నాడీకణాలను కాపాడి, కొత్త నాళాల పెరుగుదలకు తోడ్పడిందని 2011లో తేలింది. ఆస్ట్రోసైట్లు స్రవించే థ్రాంబోస్పాండిన్ 1, 2 అనే మాతృక ప్రోటీన్లు లేని ఎలుకలు పక్షవాతం తర్వాత నాడీకణాల మధ్య కొత్త సంధానాలను సరిగా ఏర్పరచుకోలేక, కదలికలను తిరిగి నేర్చుకోవడంలో వెనుకబడ్డాయని 2008లో వెల్లడైంది.

మచ్చ: గోడా, పరంజా

దెబ్బతిన్న భాగం చుట్టూ ఉన్న ఆస్ట్రోసైట్లు రెండు మూడు రోజుల్లోనే ఉబ్బి, పొడవైన చేతులు చాచి, వారాల వ్యవధిలో దట్టమైన కంచెగా అల్లుకుంటాయి. దీన్నే గ్లియా మచ్చ అంటారు. ఈ కంచెలో కాండ్రాయిటిన్ సల్ఫేట్ ప్రోటియోగ్లైకాన్లు పెద్ద మొత్తంలో పేరుకుంటాయి. లోపలి భాగంలో రక్తనాళాల చుట్టూ ఉండే పెరిసైట్ల వంటి కణాలు మెదడుకు అంతగా అలవాటు లేని మొదటి రకం కొలాజెన్‌ను, ఫైబ్రోనెక్టిన్‌ను పరిచి పీచు మచ్చను ఏర్పరుస్తాయి. చర్మం మీది మచ్చ గట్టిగా ఉంటుంది కాబట్టి మెదడు మచ్చ కూడా గట్టిదేనని చాలాకాలం అనుకున్నారు. నేరుగా కొలిచిన 2017 నాటి పరిశోధన గ్లియా మచ్చ ఆరోగ్యంగా ఉన్న కణజాలం కన్నా మెత్తగా ఉందని చూపింది. నాడీ తంతువులు ఆగిపోవడానికి గట్టిదనం అడ్డురావడమే కారణమన్న ఊహ దీనితో బలహీనపడి, రసాయన సూచనల ప్రాధాన్యం పెరిగింది.

ఆ రసాయన సూచనల్లో ప్రధానమైనది కాండ్రాయిటిన్ గొలుసే. పెరిగే ఆక్సాన్, అంటే నాడీకణం తన సందేశాన్ని పంపే పొడవైన తంతువు, ఈ గొలుసులు దట్టంగా ఉన్న చోటుకు రాగానే కొస ముడుచుకుని ఆగిపోతుంది. గొలుసును గుర్తించి ఆగమని చెప్పే గ్రాహకం తంతువు మీదే ఉందని, దాని పేరు పీటీపీ-సిగ్మా అని 2009లో తెలిసింది. గొలుసులను కత్తిరించే కాండ్రాయిటినేజ్ ఏబీసీ అనే ఎంజైము ప్రోటియస్ వల్గారిస్ అనే సూక్ష్మజీవి నుంచి లభిస్తుంది. 2002లో ఎలిజబెత్ బ్రాడ్‌బరీ బృందం వెన్నుపాము దెబ్బతిన్న ఎలుకల్లో దీనితో నడకను కొంత తిరిగి తేగలిగింది. 2012లో ముసలి ఎలుకలకు పక్షవాతం కలిగించిన మూడు రోజుల తర్వాత ఇదే ఎంజైమును మెదడులోకి కాక మెడ భాగపు వెన్నుపాములోకి ఎక్కించినప్పుడు, దెబ్బతినని వైపు నుంచి వచ్చే తంతువులు కొత్త కొమ్మలు వేసి, ముందు కాలి పనితనం మెరుగుపడింది. పక్షవాతం ఎక్కువగా వచ్చేది పెద్ద వయసులో కాబట్టి, ముసలి జంతువుల్లో వచ్చిన ఫలితం పడుచు జంతువుల్లో వచ్చిన పది ఫలితాలకన్నా విలువైనదని చెప్పవచ్చు. అయితే ఈ ఎంజైము శరీర ఉష్ణోగ్రత వద్ద ఎక్కువ కాలం నిలవదు. మనుషుల చికిత్సగా మారడానికి అదొక పెద్ద అడ్డంకి.

ఇంతమాత్రాన మచ్చను కేవలం శత్రువుగా చూడటం పొరపాటు. చనిపోయిన భాగంలోని వాపు ఆరోగ్యంగా ఉన్న భాగానికి పాకకుండా ఆపేది ఆ కంచే. 2016లో మైఖేల్ సోఫ్రోన్యూ బృందం ఎలుకల వెన్నుపాములో ఆస్ట్రోసైట్ మచ్చ ఏర్పడకుండా చేసినప్పుడు, తంతువులు పెరగడం సులువు కాకపోగా మరింత కష్టమైంది. మచ్చలో పెరుగుదలను ఆపే అణువులతో పాటు, దాన్ని ప్రోత్సహించే లామినిన్ వంటివి కూడా ఉండటమే దీనికి ఒక కారణం. ఇల్లు కట్టేటప్పుడు గోడ పక్కనే పరంజా నిలబడినట్టు, మచ్చలో అడ్డూ ఆసరా కలిసే ఉంటాయి. వెన్నుపాములో తేలిన ఈ సంగతి మెదడుకు పూర్తిగా వర్తిస్తుందని గుడ్డిగా తీసుకోకూడదు గాని, మచ్చను మొత్తంగా తుడిచివేయాలన్న పాత లక్ష్యాన్ని అది పక్కకు నెట్టింది.

వలలు సడలే కాలం, అభ్యాసం

చనిపోయిన ప్రాంతంలో పరినాడీ వలలు కొద్ది రోజుల్లోనే కరిగిపోతాయి. ఆశ్చర్యకరమైన విషయం, కణాలు బతికి ఉన్న చుట్టుపక్కల వల్కలంలోను, కొన్ని జంతు ప్రయోగాల్లో దూర ప్రాంతాల్లోను ఇవి పలుచబడటం. అంచు ప్రాంతంలో పెరుగుదలను ప్రోత్సహించే జన్యువులు ముందుగా, ఆపే జన్యువులు తర్వాత చురుకవుతాయని థామస్ కార్మైకేల్ బృందం చూపింది. అంటే దెబ్బ తగిలిన మెదడు కొద్ది వారాల పాటు బాల్యంలోని మార్పుకు లొంగే స్థితిని కొంత తిరిగి తెచ్చుకుని, మళ్లీ బిగుసుకుంటుంది. ఈ సడలింపు ఖరీదు లేనిది కాదు. ఆక్సిజన్ వల్ల కలిగే రసాయన ఒత్తిడి నుంచి నిరోధక కణాలను వల కాపాడుతుంది కాబట్టి, అది పోయిన కణం మరింత బలహీనమవుతుంది.

రోగులు, వారి కుటుంబాలు తరచుగా చెప్పే మాట, మొదటి మూడు నెలల్లో వచ్చినంత కదలిక తర్వాత రాలేదని. 2017లో పక్షవాత పునరావాస నిపుణుల అంతర్జాతీయ బృందం ఒకటి కాలాన్ని విభజించినప్పుడు, మొదటి రోజును అతి తీవ్ర దశగా, ఏడు రోజుల దాకా తీవ్ర దశగా, అక్కడి నుంచి మూడు నెలల దాకా తొలి ఉపతీవ్ర దశగా, ఆరు నెలలు దాటాక దీర్ఘకాలిక దశగా పేర్కొంది. వలలు, మచ్చ, నాళాల మార్పులు జంతువుల్లో నడిచే క్రమానికి ఈ విభజనతో బాగా పొంతన కుదురుతుంది. వ్యాయామం, అభ్యాసం కూడా మాతృకను తాకుతాయి: బొమ్మలు, ఎక్కే నిచ్చెనలు, తోటి జంతువులు ఉన్న విశాలమైన పంజరంలో ఉంచిన ఎలుకలు పక్షవాతం తర్వాత కాలు పెట్టడంలో మెరుగుపడటమే కాక, వాటి స్పర్శ వల్కలంలో అగ్రికాన్ ఉన్న వలలు తగ్గినట్టు 2014లో కనిపించింది. ఫిజియోథెరపీ కండరాన్ని మాత్రమే కాక, కండరాన్ని నడిపే కణం చుట్టూ ఉన్న వలను కూడా మార్చగలదన్న ఈ సూచన, రోజూ విసుగు లేకుండా చేయి లేపించే కుటుంబ సభ్యులకు నిజమైన ఊతం.

తొందరకు కూడా హద్దు ఉంది. 2015లో ఫలితాలు ప్రకటించిన అవెర్ట్ అనే పరీక్షలో 2,104 మంది రోగులు పాల్గొన్నారు. మొదటి 24 గంటల నుంచే మంచం దింపి ఎక్కువ మోతాదులో కదలికలు చేయించిన వర్గంలో మూడు నెలల తర్వాత మంచి స్థితిలో ఉన్నవారు నూటికి 46 మంది కాగా, మామూలు సంరక్షణ పొందిన వర్గంలో 50 మంది. ఈ తేడాకు మాతృకే కారణమని ఆ పరీక్ష చెప్పలేదు, దాన్ని కొలవలేదు కూడా. అయినా నాళాల ఆధార త్వచం కరుగుతూ ఉండే రోజులను, వలలు సడలి నేర్చుకోవడానికి అనువైన వారాలను ఒకే గాటన కట్టకూడదన్న జీవశాస్త్ర అవగాహనకు అది విరుద్ధంగా లేదు.

చికిత్స ప్రయత్నాలు

మాతృకను కాపాడే మందుల చరిత్ర ఇంతవరకు నిరాశ ఎక్కువగా ఉన్నదే. మధుమేహానికి వాడే గ్లిబెన్‌క్లమైడ్‌ను సిరలోకి ఎక్కించే రూపంలో పెద్ద పక్షవాతం వచ్చినవారికి ఇచ్చిన ఒక మధ్యదశ పరీక్ష 2016లో ముఖ్య లక్ష్యాన్ని అందుకోలేదు గాని, రక్తంలో ఎమ్ఎమ్‌పీ-9ను, మెదడు మధ్యరేఖ పక్కకు జరగడాన్ని తగ్గించినట్టు చూపింది. ఆ తర్వాతి పెద్ద పరీక్షలో మొత్తం రోగుల స్థితి మెరుగుపడినట్టు తేలలేదు. ఎమ్ఎమ్‌పీలను కొంత అణిచే మినోసైక్లిన్ అనే పాత యాంటీబయాటిక్‌పై కూడా ప్రయత్నాలు జరిగాయి. జంతువుల్లో నెగ్గి మనుషుల్లో ఓడిన మందులు పక్షవాత రంగంలో లెక్కకు మిక్కిలి. ఎలుక మెదడులో మనిషితో పోలిస్తే తెల్ల పదార్థం చాలా తక్కువగా ఉండటం, ప్రయోగాలకు తరచుగా పడుచు, ఆరోగ్యవంతమైన జంతువులనే తీసుకోవడం అందుకు కొన్ని కారణాలు. మాతృక విషయంలో వీటికి తోడు, మందును ఏ రోజున ఆపాలన్న ప్రశ్నను చాలా ప్రయోగాలు అడగనే లేదు.

కొత్త దారి పోయిన మాతృకను తిరిగి పోయడం. పెద్ద పక్షవాతం తర్వాత చనిపోయిన కణజాలాన్ని రక్షక కణాలు తినివేసి, నెలల్లో అక్కడ ద్రవంతో నిండిన గుంట మిగులుతుంది. పట్టుకోవడానికి నేల లేని చోట ఏ కణమూ నిలవదు. 2018లో టటియానా సెగురా, కార్మైకేల్ బృందం నాళ వృద్ధి కారకాన్ని గుత్తులుగా అమర్చిన హైలురొనాన్ జెల్లును ఎలుకల మెదడులోని ఆ గుంటలో నింపింది. జెల్లులోకి ముందు రక్తనాళాలు పెరిగాయి, వాటి వెంట నాడీ తంతువులు వచ్చాయి, కదలికలు మెరుగుపడ్డాయి. పిట్స్‌బర్గ్‌లో మిషెల్ మోడో, స్టీఫెన్ బాడిలాక్ బృందాలు పంది మూత్రాశయం నుంచి కణాలన్నింటినీ కడిగివేసి మిగిలిన మాతృకను జెల్లుగా మార్చి ఎలుకల పక్షవాత గుంటలోకి ఎక్కించాయి. ఎమ్మారై సాయంతో గుంట ఆకారాన్ని ముందే కొలిచి, లోపలి ద్రవాన్ని ఒక సూదితో బయటికి తీస్తూ మరో సూదితో జెల్లును నింపితే పుర్రెలో ఒత్తిడి పెరగకుండా గుంట నిండింది. కొద్ది రోజుల్లోనే చుట్టుపక్కల కణజాలం నుంచి కణాలు ఆ కొత్త నేలలోకి నడిచి వచ్చాయి.